నెట్ స్లో అంటున్నారు సరే.. ఏ గదిలో?

వీధి గదిలో దూసుకెళ్లే వైఫై పెరటి గదికి వచ్చేసరికి ఎందుకు నీరసపడిపోతుంది? ప్లాన్ పెంచకుండా, కంపెనీ మార్చకుండా ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా? పలాస, టెక్కలి, ఉద్దానం ఇళ్ల కోసం ఒక గైడ్.

"నెట్ బాగా స్లోగా ఉంది, ఏటి సెయ్యాలి?" కవిటి నుంచో, మందస నుంచో, టెక్కలి నుంచో ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ గదిలో?

చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. నెట్ అంటే ఇల్లంతా ఒకటే కదా అనుకుంటారు. కాసేపు ఆలోచించి, "వీధి గదిలో బానే ఉంటాది, లోపలికే రాట్లేదు" అంటారు. జబ్బు ఏంటో వాళ్ల నోటితోనే చెప్పేసినట్టు. లైన్ ఎక్కడెక్కడి నుంచో స్తంభాలు దాటుకుంటూ మీ గుమ్మం దాకా బాగానే వచ్చింది. చివరి నలభై యాభై అడుగుల్లో ఆగిపోయింది. ఆ కాస్త దూరం కోసం మనం 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 100కి, 100ని 200కి పెంచుకుంటూ పోతాం. బిల్లు పెరుగుతుంది. పెరటి గదిలో వీడియో కాల్ మాత్రం ఎప్పట్లాగే ఆగి ఆగి వస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పే విషయం ఒక్కటే. ముందు తప్పు ఇంటి బయట ఉందా, లోపల ఉందా తేల్చుకోండి. లోపలే అయితే ప్లాన్ జోలికి పోవద్దు, ఒక వైరు లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టుకోండి.

పెరటి గదే ఆఫీసు అయితే..

సినిమా మధ్యలో బఫరింగ్ వస్తే చిరాకు, అంతే. కానీ మన వైపు ఇది ఉద్యోగం సంగతి కూడా. ఉద్దానానికి వలస కొత్త కాదు. హైదరాబాద్, విశాఖ, భువనేశ్వర్, గల్ఫ్, గుజరాత్ తీరంలో చేపల బోట్లు.. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని చాలామంది వెనక్కి వచ్చారు. ఊళ్లో కూర్చుని కూడా పని చేయొచ్చని ఇంట్లోవాళ్లూ, మేనేజర్లూ అప్పుడే చూశారు. ఇప్పుడు ఆఫీసులు పిలుస్తున్నా, నెలలో కొన్ని రోజులైనా ఇంటి నుంచి పని చేసే వీలు కొందరికి మిగిలింది.

ఆ కొన్ని రోజులే ఇక్కడ చాలా విలువైనవి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మామూలుగా వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ మిషన్ మీదే దాదాపు నాలుగు గంటలు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి కాబట్టి వైద్యం దగ్గరికి వచ్చింది. కానీ తోడు వెళ్లే మనిషి కావాలి కదా. పొద్దున్నే నాన్నని పలాస తీసుకెళ్లి, ఇంటికి తెచ్చి, పడుకోబెట్టి, మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చోవాలనుకునే కొడుక్కో, కూతురికో కావాల్సింది పెద్దగా ఏం లేదు. తలుపు వేసుకుంటే నిశ్శబ్దంగా ఉండే గది, అందులో తెగని నెట్. వీధి గదిలో టీవీ, వచ్చేపోయే చుట్టాలు. కాబట్టి ఆ నిశ్శబ్దం గది దాదాపు ఎప్పుడూ పెరటి వైపే ఉంటుంది. సిగ్నల్ అందనిదీ అక్కడే.

మన ఇళ్లకీ వైఫైకీ ఎందుకు పడదు?

మన ఊళ్లలో చాలా ఇళ్లు వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. వీధి గది, మధ్య గది, వంటిల్లు, పెరడు, ఆ వెనక ఇంకో గది. వైరు వీధి స్తంభం నుంచి వస్తుంది కాబట్టి బాక్స్ వీధి గదిలో, టీవీ వెనకాల బిగిస్తారు. అక్కడి నుంచి పెరటి గదికి సిగ్నల్ చేరాలంటే మూడు నాలుగు గోడలు వరసగా దాటాలి.

వైఫై అంటే రేడియో తరంగాలే. బాక్స్‌లో సాధారణంగా రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు కాస్త బాగా దాటుతుంది, కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ, గోడ ఎదురైతే త్వరగా నీరసపడుతుంది. పాత బాక్సుల్లో, చవక బాక్సుల్లో 2.4 ఒక్కటే ఉండొచ్చు. మీది ఏదో బాక్స్ కింద స్టిక్కర్ చూస్తే తెలుస్తుంది.

అన్ని గోడలూ ఒకటి కాదు. చెక్క తలుపు పెద్దగా అడ్డుపడదు. ఇటుక గోడ కొంత మింగేస్తుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీట్ స్లాబు చాలా మింగేస్తుంది, అందుకే కింద బాక్స్ పెడితే మేడ మీద కష్టం. రేకుల షెడ్డు, స్టీల్ బీరువా, పెద్ద అద్దం అయితే సిగ్నల్‌ని దాదాపు వెనక్కి తిప్పికొడతాయి. నీళ్లు కూడా శత్రువే. బాక్స్‌కీ గదికీ మధ్యలో నీళ్ల ట్యాంకు ఉంటే దాని వెనక నీడ పడినట్టే.

బయటా? లోపలా? పది నిమిషాల్లో తేల్చేయొచ్చు

మొదట బాక్స్ మీద లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్‌వోఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగినా, మిణుకుమిణుకుమన్నా వెలుగు మీ ఇంటి దాకా సరిగ్గా రావట్లేదని అర్థం. కేబుల్ ఎక్కడో తెగి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. మంచం కోడు కింద నలిగినా, మేకు చుట్టూ గట్టిగా మెలిపెట్టినా వెలుగు కారిపోతుంది. బాక్స్ వెనక వైరుని పెద్ద గుండ్రంగా వదులుగా చుట్టండి. కనెక్టర్ ఊడదీసి కంటితో లోపలికి చూడొద్దు. ఆ లేజర్ కనపడదు, కానీ కంటికి మంచిది కాదు. ఎర్ర లైటు పోకపోతే కేబుల్ అతన్ని పిలవడం తప్ప దారి లేదు.

లైట్లన్నీ బాగుంటే రెండో పరీక్ష. బాక్స్ పక్కనే, రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కనెక్ట్ అయి స్పీడ్ టెస్ట్ చేయండి. ల్యాప్‌టాప్‌ని వైరుతో నేరుగా బాక్స్‌కి పెట్టి చేస్తే ఇంకా నమ్మకం. ప్లాన్‌లో చెప్పిన స్పీడ్‌కి దగ్గరగా వస్తే లైన్ బాగుంది. ఇప్పుడు అదే ఫోన్‌తో పెరటి గదికి వెళ్లి మళ్లీ చేయండి. ముందు గదిలో 90 వచ్చి, వెనక గదిలో 4 వస్తే, పోయిన 86 మీ గోడల్లోనే ఉంది.

బాక్స్ పక్కన కూడా స్పీడ్ రాకపోతే, రాత్రి 9 గంటలకి ఒకసారి, తెల్లవారి 6 గంటలకి ఒకసారి చేసి చూడండి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతుంటే, మీతో పాటు అదే లైన్ పంచుకునే ఇళ్లన్నీ ఒకేసారి వాడుతున్నాయన్నమాట. జీపాన్ అనే పద్ధతిలో ఒక ఫైబర్‌ని చీల్చి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో ఇస్తారు. అందరికీ కలిపి కిందికి వచ్చే సామర్థ్యం దాదాపు 2.5 గిగాబిట్లు. ఇది ఆపరేటర్ చూసుకోవాల్సిన సంగతి. మీ ఇంట్లో ఎన్ని రూటర్లు పెట్టినా మారదు.

మూడో పరీక్ష మా ఇంజినీర్లకి ఇష్టమైంది, పింగ్. ఫోన్‌లో ఏదైనా నెట్‌వర్క్ టూల్ యాప్ వేసుకుని, పెరటి గదిలో కూర్చుని మీ బాక్స్ అడ్రస్‌ని, అంటే 192.168.1.1 లాంటిదాన్ని, పింగ్ చేయండి. తర్వాత 8.8.8.8ని పింగ్ చేయండి. మొదటిది మీ ఇంట్లోదే, రెండోది బయటిది. బాక్స్ నుంచి జవాబు కొన్ని మిల్లీసెకన్లలో వస్తూ బయటి నుంచే ఆలస్యమైతే తప్పు లైన్‌ది. బాక్స్ జవాబే ఒకసారి 5, ఒకసారి 300, ఒకసారి అసలు రాకుండా ఉంటే తప్పు ఇంట్లోది. వాదన అక్కర్లేదు, అంకెలే చెప్తాయి.

నాలుగు గీతలు నమ్మొద్దు, అంకె చూడండి

ఫోన్ పైన కనపడే గీతలు ఉజ్జాయింపు మాత్రమే. ఆండ్రాయిడ్‌లో ఏ వైఫై ఎనలైజర్ యాప్ వేసుకున్నా సిగ్నల్‌ని డీబీఎం అనే అంకెలో చూపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 అంటే మాట తెగుతుంది. మైనస్ 80 దాటితే వాట్సాప్ మెసేజ్ వెళ్తే అదృష్టం. అంకె 3 తగ్గితే బలం సగం అవుతుంది, 10 తగ్గితే పదో వంతుకి పడిపోతుంది. అందుకే ఒక్క గోడ ఎక్కువైనా అంత తేడా.

కాగితం మీద ఇంటి బొమ్మ గీసి, గది గదికీ ఈ అంకె రాసుకోండి. మైనస్ 67 ఎక్కడ దాటుతోందో అక్కడ గీత పెట్టండి. మీ వైఫై అక్కడితో సరి.

ముందు పైసా ఖర్చు లేనివి

బాక్స్‌ని టీవీ వెనక నుంచి, బీరువా పక్క నుంచి, అలమార లోపలి నుంచి బయటికి తీయండి. నేల మీద కాకుండా ఛాతీ ఎత్తుకి పైన పెట్టండి. వీలైతే ఆపరేటర్ మనిషిని అడిగి ఫైబర్‌ని మధ్య గది దాకా తెప్పించుకోండి. కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్లకి ఇది బంగారం లాంటి అవకాశం, బిగించే రోజే "మధ్య గదిలో పెట్టండి" అనేయండి.

తర్వాత ఛానల్. 2.4 బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. గోడకి గోడ ఆనుకున్న వీధిలో పక్కింటి వైఫై, ఎదురింటి వైఫై, ఆ పక్కది అన్నీ మీ గదిలోకి వస్తాయి. అందరూ 6 మీదే ఉంటే మీరు 1కో 11కో మారండి. 3, 4 లాంటి మధ్య అంకెలు పెడితే రెండు వైపులా గొడవే. ఈ బ్యాండ్‌లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జే ఉంచండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండ్‌లో పని చేస్తుంది, బాక్స్‌ని దానికి దూరంగా ఉంచండి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. మన దేశంలో ఆ బ్యాండ్‌లో లైసెన్స్ లేకుండా వాడుకోగల భాగాన్ని 2018 అక్టోబరులో బాగా పెంచారు కూడా.

ఇంతా చేసి పెరటి గదిలో అంకె మైనస్ 67 దాటకపోతే, పని అయిపోయింది. లేకపోతే రెండో పెట్టె కావాల్సిందే.

రిపీటరా? యాక్సెస్ పాయింటా?

షాపుకి వెళ్తే ముందు చేతికిచ్చేది రిపీటర్, దాన్నే ఎక్స్‌టెండర్ అని కూడా అంటారు. ప్లగ్‌లో పెట్టేస్తే చాలు, వైరు అక్కర్లేదు. కానీ అది గాల్లో విన్నదాన్నే మళ్లీ గాల్లో చెప్తుంది. చవక రకాలు ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో చెప్పాలి. కాబట్టి స్పీడ్ దాదాపు సగం అవుతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. దానికే వినపడనప్పుడు మీకేం చెప్తుంది? రిపీటరే గతి అనుకుంటే, సిగ్నల్ ఇంకా బాగున్న మధ్య గదిలో పెట్టండి.

యాక్సెస్ పాయింట్ అలా కాదు. దానికి నెట్ వైరు మీద వస్తుంది, గాల్లోకి వదలడం ఒక్కటే దాని పని. పెరటి గదిలో కూడా వీధి గదిలో వచ్చినంత స్పీడ్ వస్తుంది. మెష్ సెట్లు కొన్నవాళ్లకి కూడా ఇదే మాట. మధ్యలో వైరు వేస్తే అవి ఇంకా బాగా నడుస్తాయి. వైరు ఒక్కసారి కష్టం, గాలి రోజూ కష్టం.

ఇంట్లో మూల పడేసిన పాత రూటర్ ఉంటే అదే యాక్సెస్ పాయింట్ అవుతుంది. కొత్తది కొనక్కర్లేదు.

పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్ చేయడం ఇలా

1. పాత రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కండి. పాత సెట్టింగులన్నీ పోతాయి.

2. దాని స్టిక్కర్ మీద ఉన్న వైఫైకి కనెక్ట్ అయి, అక్కడే రాసి ఉన్న అడ్రస్‌ని బ్రౌజర్‌లో తెరవండి. ఎక్కువగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది. నెట్ లేదని ఫోన్ గోల పెడితే మొబైల్ డేటా కాసేపు ఆపేయండి.

3. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకోండి. 4, 6 అంకెల్లో చెప్పిన వైఫై వివరాలు, వైరు పని చూసుకుంటే సరిపోతుంది. ఆ మోడ్ లేకపోతే అన్నీ వరసగా చేయాలి.

4. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3. మెయిన్ బాక్స్ 1వ ఛానల్ మీద ఉంటే దీన్ని 6 లేదా 11 మీద పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

5. ఇప్పుడు ల్యాన్ సెట్టింగ్స్‌లో అడ్రస్ మార్చాలి. మెయిన్ బాక్స్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. మెయిన్ బాక్స్ ఫోన్లకి పంచే అంకెల జాబితాలో ఈ 2 లేకుండా చూసుకోండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయండి. ఈ రెండూ ఆఖర్న చేయాలి, చేశాక పాత అడ్రస్‌తో లోపలికి వెళ్లలేరు.

6. వైరు ఒక కొన మెయిన్ బాక్స్ ల్యాన్ పోర్టుకి, రెండో కొన పాత రూటర్ ల్యాన్ పోర్టుకి పెట్టండి. రంగు వేరేగా ఉండే వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న రూటర్లలో మాత్రం చాలావరకు వ్యాన్ పోర్టు కూడా పని చేస్తుంది.

డీహెచ్‌సీపీ ఎందుకు ఆపాలి? ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఒక నంబరు ఇచ్చేది అదే. ఊరికి ఇద్దరు సర్పంచులుంటే ఎలా ఉంటుంది? ఒకరిచ్చిన కాగితం ఇంకొకరు చెల్లదంటారు. రెండు బాక్సులూ నంబర్లు పంచితే అంతే, కాసేపు నెట్ వస్తుంది, కాసేపు రాదు. కారణం మాత్రం దొరకదు. నంబర్లిచ్చే పెద్దమనిషి ఒక్కరే ఉండాలి.

వైఫై పేరు రెండు బాక్సులకీ ఒకటే పెట్టాలా? పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ మూడూ ఒకటే పెడితే ఫోన్ దగ్గరిదాన్ని తనే ఎంచుకుంటుంది. కొన్ని ఫోన్లు మాత్రం మొండివి, పెరటికి వచ్చినా వీధి గది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి. అప్పుడు సెట్టింగ్స్‌లో రెండు బాక్సుల ట్రాన్స్‌మిట్ పవర్ ఒక మెట్టు తగ్గించి చూడండి. దూరపు సిగ్నల్ బలహీనమైతే ఫోన్ దాన్ని త్వరగా వదిలేస్తుంది. అప్పటికీ వదలకపోతే పెరటి బాక్స్‌కి వేరే పేరు పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది.

వైరు దగ్గర కక్కుర్తి వద్దు

క్యాట్ 6 వైరు, అచ్చమైన రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవకగా దొరుకుతుంది, కానీ పెళుసుగా ఉండి వంచితే విరుగుతుంది. ఈథర్‌నెట్ వైరు 100 మీటర్ల దాకా పని చేస్తుంది, మన ఇంటి పొడవు దాని ముందు ఎంత? కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని దూర్చొద్దు, వేరే పైపు వేయండి. పైపు వేస్తే ఎలకల నుంచీ ఉడతల నుంచీ కాపాడుకున్నట్టే.

వైరు పెట్టాక స్పీడ్ ఎంత ప్రయత్నించినా 90 కొన్ని దగ్గరే ఆగిపోతోందా? రెండు బాక్సుల్లోనూ గిగాబిట్ పోర్టులే ఉంటే, అనుమానించాల్సింది క్లిప్పుని. వైరులో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా బాక్స్ నోరెత్తకుండా 100కి దిగిపోతుంది. క్లిప్పు కోసి మళ్లీ కొట్టిస్తే సరి.

తోటలో గది, జీడి షెడ్డు ఉంటే

ఇంటికి దూరంగా కొబ్బరి తోటలో గదో, జీడిపప్పు ఆడించే షెడ్డో ఉన్నవాళ్లు చాలామంది. అక్కడికి రాగి వైరు గాల్లో లాగొద్దు. పిడుగు దగ్గర్లో పడితే ఆ వైరు మీదుగా రెండు వైపులా బాక్సులు కాలిపోతాయి, పట్టుకున్న మనిషికీ ప్రమాదం. రెండు దార్లున్నాయి. ఒకటి, ఫైబర్ వేసి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు పెట్టడం. లోపల తోడుగా ఇనుప తీగ లేని ఫైబర్ అడిగి తీసుకోండి, అందులోంచి కరెంటు పోదు. రెండోది, రెండు కప్పుల మీద ఎదురెదురుగా చిన్న యాంటెన్నా పెట్టెలు బిగించడం, వీటిని పాయింట్ టు పాయింట్ లింక్ అంటారు.

ఈ రెండో దారిలో మనకి అడ్డు కొబ్బరి చెట్టే. ఒకదాన్నించి ఇంకోటి సూటిగా కనపడాలి. ఆకులు సిగ్నల్‌ని మింగుతాయి, వానలో తడిసిన ఆకులు ఇంకా మింగుతాయి. ఎండాకాలంలో నడిచిన లింక్ వానల్లో తడబడితే పెట్టె పాడైందని కాదు, మట్టల మీద నీళ్లు నిలిచాయని. మట్టల కంటే ఎత్తుకి పోలేం కాబట్టి, వాటి కింద కాండాల మధ్య ఖాళీలోంచి దారి చూసుకోవడం మేలు.

బారువ, భావనపాడు, నౌపడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలి ఇంకో తలనొప్పి. ఆరుబయట పెట్టే పెట్టె బయటి వాడకానికి చేసినదే అయి ఉండాలి. వైరు పెట్టెలోకి వెళ్లే చోట కిందికి ఒక వంపు వదలండి, నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. క్లిప్పు తీగలు పచ్చగా చిలుము పట్టాయేమో ఆరు నెలలకోసారి చూడండి.

"కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అంటే?

ఫోన్‌లో వైఫై వివరాల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ చూడండి. 192.168.1 తో మొదలై మెయిన్ బాక్స్ వరసలోనే ఉంటే ఇంట్లో అంతా బానే ఉంది, లైన్ చూడాలి. ల్యాప్‌టాప్‌లో 169.254 తో మొదలైతే నంబరిచ్చే పెద్దమనిషి దాకా మాట చేరలేదు, అంటే వైరు ఊడింది లేదా మెయిన్ బాక్స్ పడుకుంది. వేరే వరస అంకెలు కనపడితే రెండో బాక్స్‌లో డీహెచ్‌సీపీ ఇంకా నడుస్తోంది. రీస్టార్ట్ చేయాలంటే ముందు మెయిన్ బాక్స్, రెండు నిమిషాలయ్యాక రెండోది.

టవర్ సిగ్నల్ అందని గదుల వాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. మామూలు ఫోన్ కాల్ కూడా వైఫై మీదుగా వెళ్తుంది. మంచం మీదున్న పెద్దవాళ్లకి ఫోన్ అందాలంటే ఇది చాలా పెద్ద సాయం.

కరెంటు పోయినా, తుపాను వచ్చినా..

ఏపీ ఫైబర్ గ్రిడ్ తొలి దశని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్న మాట అప్పట్లో ఊరూరా వినపడింది. భూమి తవ్వి కేబుల్ వేస్తే ఖర్చు ఎక్కువని, ఉన్న కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగారు. ఊళ్లకి నెట్ త్వరగా రావడానికి అదే కారణం. అందులో ఉన్న ఇబ్బంది ఏంటో 2018లో మనం చూశాం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, మధ్యమధ్యలో 165 దాకా. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. కరెంటూ నెట్టూ ఒకే స్తంభం మీద ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

అంత పెద్ద తుపానుకి ఇంట్లో మనం చేయగలిగింది తక్కువే. రోజూ పోయే కరెంటుకి మాత్రం మందుంది. ఫైబర్‌ని చీల్చే స్ప్లిటర్లకి కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉంటే, మీ ఊళ్లో కరెంటు లేకపోయినా వెలుగు మీ ఇంటి దాకా వస్తూనే ఉంటుంది. మీ బాక్స్ వెలిగితే చాలు. రూటర్ల కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద రాసిన ఓల్టులు, ఉదాహరణకి 12, సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు దానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. మెయిన్ బాక్స్‌కి ఒకటి, పెరట్లో యాక్సెస్ పాయింట్‌కి ఇంకోటి. ఒక్కదానికే పెడితే ఇంకోటి ఆరిపోతుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఈ రెండు ప్లగ్గులూ దాని లైన్ మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

ఉరుములు మొదలైతే ప్లగ్గులు తీసేయండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు పవర్ బ్యాంకులు నింపుకోండి. మీటింగ్ ఉంటే, మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ సిమ్‌కి ఏ మూల సిగ్నల్ బాగుంటుందో ముందే చూసి పెట్టుకోండి, హాట్‌స్పాట్‌కి పనికొస్తుంది.

కంప్లైంట్ చేసేటప్పుడు

అన్నీ చూశాక తప్పు లైన్‌దే అని తేలితే, ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనొద్దు. "ఎల్‌వోఎస్ ఎర్రగా ఉంది" అనండి. లేదా "బాక్స్‌కి వైరు పెట్టి చూస్తే రాత్రి 9కి 8 ఎంబీపీఎస్, పొద్దున 6కి 95 వస్తోంది" అనండి. "రూటర్ ఆపి ఆన్ చేయండి" అనే మాట దాటి అసలు విషయానికి వస్తారు. మీ దగ్గర అంకెలుంటే అవతలివాళ్లకీ పని తేలిక.

మొత్తం మీద కావాల్సినవి ఇవే: మూలన పడున్న పాత రూటర్ ఒకటి, ఇరవై మీటర్ల వైరు, రెండు క్లిప్పులు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇవి ఉంటే పెరటి గదిలో అంకె మైనస్ 80 నుంచి మైనస్ 50కి వస్తుంది. సోమవారం మీటింగ్‌లో "మీ వాయిస్ కట్ అవుతోంది" అనే మాట వినపడదు. పక్క గదిలో పడుకున్న నాన్న పిలిస్తే మాత్రం వినపడుతుంది.